చక్రం దగ్గర అయిదు రాళ్లు

పద్నాలుగో భాగం

పోయిన వారం మిమ్మల్ని గురువారం సాయంత్రం మా పార్కింగ్ దగ్గర వదిలాను. సతాత్ పట్నం నుంచి వచ్చిన ఇల్హామ్ అనే ఆవిడ టాక్సీ దిగి, ఆదివారం కొండెక్కిన తన తమ్ముడు జవాద్ ఇంకా ఇల్లు చేరలేదంది. అక్కడ కార్లు కాసే మా మావయ్య బిహీ, జవాద్ బూడిదరంగు కారు ముందు చక్రం దగ్గర మిగిలిన ఒక్క రాయినీ చూపించి, "అయిదు రాత్రులని చెప్పాడు తల్లీ. రేపటికి దిగుతాడు" అన్నాడు. "నాతో ఒక్క రాత్రే అన్నాడు" అందావిడ. ఆ మాటకి నేను అక్కణ్నుంచి పక్కకి తప్పుకున్నాను. ఎందుకో మీకు తెలుసు. ఆ సాయంత్రం ఇంకెవరికీ తెలియదు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం మళ్లీ చెబుతాను. నాకు మాత్రం చెప్పుకోవాలని లేదు.

మా ఊరు తిసెల్మలో కార్ల చీటీలు ఉండవు. కొండెక్కడానికి వచ్చినవాడు ఏటి ఒడ్డున అక్రోటు చెట్ల కింద కారు ఆపుతాడు, గేరు న్యూట్రల్‌లో పెడతాడు, హ్యాండ్ బ్రేకు వేయడు. ఎందుకంటే చోటు తక్కువ, కార్లు ఎక్కువ. అవసరమైనప్పుడు భుజం పెట్టి ముందుకో వెనక్కో నెట్టుకుంటాం. మావయ్య వాణ్ని అడిగేది ఒకటే మాట, "ఎన్ని రాత్రులు?" అని. ఎన్నంటే అన్ని రాళ్లు ముందు ఎడమ చక్రం పక్కన పెడతాడు. రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే ఒక్కొక్క రాయి తీసేస్తాడు. రాళ్లు అయిపోయిన రోజు పొద్దు వాలేలోగా కారు కదలకపోతే కంచరగాడిదల వాళ్ల దగ్గరికి వెళ్లి చెబుతాడు, వాళ్లు పైకి వెళతారు. ఆయనకి చదువు రాదు. ఇరవయ్యారేళ్లలో ఆ రాళ్లు పదకొండు మందిని కిందికి తెచ్చాయి, అందులో తొమ్మిది మంది బతికే వచ్చారు.

దీనికి ఉన్న షరతు కూడా ఒకటే. కారుని నెట్టేముందు రాళ్లు చేతిలోకి తీసుకోవాలి. కారు ఎక్కడికి పోతే రాళ్లు అక్కడికి పోవాలి.

ఆదివారం మధ్యాహ్నం మావయ్య నమాజుకి వెళ్లిన వేళ ఒక బస్సు వచ్చింది. తిరగడానికి చోటు లేదు. గోడ పక్కన ఉన్న పొడుగాటి తెల్ల కారు తోక దారిలోకి వచ్చింది. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. నేను టీ తాగుతున్న ఇద్దర్ని పిలిచి, తెల్ల కారుని మూడో అక్రోటు చెట్టు కిందికి నెట్టించి, అక్కడున్న బూడిద కారుని గోడ పక్కకి తెచ్చాను. కార్లు రెండూ చోటు మార్చుకున్నాయి, రాళ్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. గోడ పక్కన అయిదు, చెట్టు కింద ఒకటి.

సోమవారం సాయంత్రం చెట్టు కింద రాయి లేదు, తెల్ల కారు ఉంది. మావయ్య కేకేశాడు. కంచరగాడిదల వాళ్ల పెద్ద ఆద్ది తన వాళ్లతో వడగళ్ల వానలో పైకి వెళ్లాడు. తెల్ల కారు తాలూకు మొగుడూ పెళ్లాం కొండ మీది బసలో వేడి వేడి పప్పు తింటూ, "మేం అయిదు రాత్రులని చెప్పాం కదా" అని నవ్వారు. ఊరంతా మావయ్యని చూసి నవ్వింది. అప్పుడే ఎవరో ఒకరు అడగాల్సింది, తెల్ల కారు రాయి తప్పయితే ఆ ఒక్క రాయి ఎవరిది అని. ఎవరూ అడగలేదు. మావయ్య సిగ్గుతో తల దించుకున్నాడు. నేను ఆయన్ని ఓదార్చే పనిలో పడ్డాను. "వయసు మీద పడింది మావయ్యా, ఇకనుంచి కాగితం మీద నేను రాస్తాలే" అని కూడా అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా నోటిని నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఇక శుక్రవారం.

తెల్లవారుతూనే పోలీసు సార్జెంటు నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని జవాద్‌ని వెతకడానికి వెళ్లిపోయాడు. అయిదు రాత్రులంటే సరస్సు చుట్టూ తిరిగి అవతలి లోయలోంచి దిగే దారి. ఒక్క రాత్రంటే మన వైపు, కనుమ కింద పచ్చిక దాకా వెళ్లి వెనక్కి రావడం. సార్జెంటు మావయ్య రాళ్లనే నమ్మాడు. అవతలి లోయకి వెళ్లాడు. ఆ లోయలో ఫోన్లు పలకవు.

అతను జీపెక్కుతుంటే నేను పక్కనే ఉన్నాను. తాడు చుట్టలు అందించాను కూడా. అవతలి వైపే దొరుకుతాడేమో, ఆ మనిషి మనసు మార్చుకుని సరస్సు వైపు పోయాడేమో అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత పిరికితనమో నాకు తెలుసు. ఈ స్థలాన్ని పట్నం కంపెనీకి ఇచ్చేసి గేట్లు పెట్టించాలని పంచాయతీ వాళ్లు ఎప్పటినుంచో సాకు వెతుకుతున్నారు. మావయ్య మెడలో కాపలాదారు ఇత్తడి బిళ్ల పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అదీ ఒక కారణమే. కానీ అసలు కారణం భయం.

ఇల్హామ్ మా ఇంట్లోనే పడుకుంది. నా భార్య తూదా బార్లీ రొట్టె, ఆలివ్ నూనె పెడితే ఆవిడ రొట్టెని ముక్కలు చేసి పళ్లెంలోనే ఉంచేసింది. పొద్దున్నుంచీ తమ్ముడి కారు పక్కన రాతి మీద కూర్చుంది. చివరి రాయి కూడా మావయ్య ఫజర్ తరవాత తీసేశాడు. చక్రం దగ్గర ఖాళీ నేల ఉంది.

శుక్రవారం కదా, మరకేష్ జనం దిగడం మొదలైంది. నల్లకళ్లద్దాల మనిషి ఒకడు పెళ్లాం పిల్లలతో వచ్చి కారు ఆపి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగాడు.

"బ్రేకు తీసెయ్యండి సార్" అన్నాడు మావయ్య.

"తీస్తే ఏట్లోకి దొర్లిపోదూ?"

"దొర్లితే అడ్డం పడుకోడానికి నేనున్నాగా. ఇరవయ్యారేళ్లనుంచీ అదే పని."

ఆయన పెళ్లాం నవ్వింది. ఆ మనిషి గొణుక్కుంటూ బ్రేకు దించాడు.

"ఎన్ని రాత్రులు?"

"రాత్రులేంటి పెద్దాయనా, పిల్లలతో వచ్చాం. జలపాతం చూసి సాయంత్రానికి పోతాం."

"అయితే రాయి లేదు. సల్లగా వెళ్లి రండి."

ఇదంతా ఇల్హామ్ చూస్తూనే ఉంది. వాళ్లు వెళ్లాక లేచి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి, మందుల షాపులో పని చేస్తుందట. గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. అరిచి ఉంటే మాకు తేలికయ్యేది.

"మా తమ్ముణ్ని కూడా ఇలాగే అడిగారా?"

"ఇలాగే తల్లీ."

"వాడేమన్నాడు? నోటితో చెప్పాడా, వేలు చూపించాడా?"

మావయ్య తల అడ్డంగా ఊపాడు. "అబద్ధం చెప్పను. రోజూ వంద మంది. మాటలు నాకు గుర్తుండవు, రాళ్లు గుర్తుంటాయి. అందుకే ఈ రాళ్లు."

టీ బల్ల మీదనుంచి ఆద్ది నవ్వాడు. సోమవారం వానలో మావయ్య తనని అనవసరంగా తిప్పాడన్న కోపంతో ఈ పూట సార్జెంటు వెంట వెళ్లలేదు.

"సోమవారం కూడా గుర్తున్నాయి కదా బిహీ అన్నా, ఆ రాళ్లు. ఇంకా నా మోకాళ్లకి కూడా గుర్తున్నాయి."

"నీ మోకాళ్లకి నూనె రాయిస్తాలేరా, కాసేపు నోరు ముయ్యి" అన్నాడు మావయ్య. కానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఇల్హామ్ ఆద్ది వైపు చూడనైనా చూడలేదు. "పెద్దాయనా, మొన్న బుధవారం మా అమ్మకి కంటి ఆపరేషన్. వాడే తీసుకెళ్లాల్సింది. ఆరు నెలలు తిరిగి ఆ తేదీ సంపాదించింది వాడే. అలాంటివాడు అయిదు రాత్రులు కొండ మీద ఎందుకుంటాడు?"

"కుర్రాళ్లు తల్లీ. పైకెళ్లాక మనసు మారుతుంది."

"మారితే మారింది. కానీ మీ రాళ్లు వాడు పైకెళ్లకముందు పెట్టినవి కదా?"

ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉంది. నేను ఒక కారు అద్దం తుడవడం మొదలుపెట్టాను. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"మంగళవారం నేను ఇక్కడికి ఫోన్ చేశాను" అందావిడ. "పోలీసువాళ్లే నంబరిచ్చారు. అయిదు రాత్రులు, శుక్రవారం వస్తాడు, కంగారు పడకండి అన్నారు. అందుకే ఆగాను. బుధవారం అమ్మని నేనే తీసుకెళ్లాను. కంటికి కట్టుతో పడుకుని వాడేడీ అని అడుగుతుంటే, శుక్రవారం వస్తాడమ్మా అని చెప్పాను. మీరు చెప్పిన మాటే చెప్పాను."

మావయ్య ఆ ఫోన్ ఎత్తలేదు. ఆయనకి ఫోన్లో మాట్లాడటం ఇష్టం ఉండదు. అయినా నా వైపు చూడలేదు, తల మాత్రం ఊపాడు.

అప్పుడావిడ తన ఫోన్ తీసింది. "ఆదివారం పొద్దున వాడు పంపిన ఫోటో. అమ్మకి చూపించమని. ఇందులో ఏమన్నా తెలుస్తుందేమో చూడండి."

మావయ్య ఫోన్ని చేతులు చాచి దూరంగా పట్టుకున్నాడు, ఆయనకి దగ్గర చూపు ఆనదు. నేను ఆయన భుజం మీదుగా చూశాను. బక్కపల్చటి మనిషి, మెడలో ఎర్ర తాడు, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. వెనక బూడిద కారు. కారు పక్కన మూడో అక్రోటు చెట్టు, దాని మొండి కొమ్మకి మేం కట్టిన నీళ్ల డబ్బా. ముందు చక్రం దగ్గర ఒక్క రాయి.

ఒక్కటంటే ఒక్కటే.

మావయ్య ఫోటో చూశాడు. తలెత్తి మూడో చెట్టు చూశాడు. దాని కింద తెల్ల కారు ఉంది. తల తిప్పి గోడ పక్కనున్న బూడిద కారు చూశాడు. మళ్లీ ఫోటో చూశాడు. ఆయనకి చదువు రాదు గానీ, ఈ నేల మీద ఏ కారు ఎక్కడుందన్న విషయంలో ఆయన్ని మించినవాడు లేడు. ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. చివరికి ఫోన్ ఆవిడ చేతిలో పెట్టాడు.

"తల్లీ, నీ తమ్ముడు ఒక్క రాత్రే అన్నాడు."

ఆవిడ కూడా మూడో చెట్టు వైపు చూసింది.

"కార్లు జరిపేటప్పుడు రాళ్లు మర్చిపోయాం. మర్చిపోయాను. నేనే జరిపాను. తెల్ల కారు రాళ్లు ఈ కారుకొచ్చాయి, దీని రాయి దానికి పోయింది. సోమవారం నేను వేసిన కేక నీ తమ్ముడికోసమే. నాకే తెలియలేదు."

నేనే జరిపాను అన్నాడు. ఆదివారం ఆ వేళకి తాను మసీదులో ఉన్నానని ఆయనకి తెలుసు. జరిపింది ఎవరో కూడా తెలుసు. ఆయన చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది, మాట్లాడకు అన్నట్టు గట్టిగా నొక్కింది. నేను మాట్లాడలేదు. ఆ చేతి కింద నాకు హాయిగా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనిపించింది.

టీ బల్ల దగ్గర గ్లాసు పెట్టిన చప్పుడయింది. ఆద్ది లేచి వచ్చాడు. ముఖంలో వెటకారం పోయింది.

"అన్నా, సోమవారం అంటున్నావా? సోమవారం నేను వెతకాల్సింది ఆ తెల్ల కారువాళ్లని కాదా?"

"కాదురా."

ఆద్ది తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "బసలో వాళ్లు దొరికాక తిరిగొస్తుంటే, కనుమ కింద రాతి పగులు దగ్గర ఈల వినిపించింది."

"ఎలాంటి ఈల?" అంది ఇల్హామ్.

"మూడుసార్లు. కాసేపాగి మళ్లీ మూడు. మావాడొకడు ఆగాడు. నేనే పదరా అన్నాను. ఎవడో గొర్రెలవాడు కుక్కల్ని పిలుచుకుంటున్నాడు, మనకి కావాల్సినవాళ్లు దొరికారు కదా, తడిసి చస్తున్నాం, పద అన్నాను."

"నోటి ఈలా, ఆటల్లో ఊదే బూర ఈలా?"

ఆద్ది నేల చూశాడు. "బూర ఈలే అమ్మా. గొర్రెలవాళ్లు నోటితోనే వేస్తారు. నాకు తెలుసు. ఆ వానలో తెలియనట్టు ఉన్నాను."

ఇల్హామ్ ఫోన్లో ఫోటో పెద్దది చేసి మా ముందుకి చాచింది. ఆ ఎర్ర తాడుకి ఒక ఈల వేలాడుతోంది. జవాద్ బళ్లో ఆటల మేష్టారట. ఈల లేకుండా పెళ్లిళ్లకి కూడా వెళ్లడట. అమ్మ తిడుతూ ఉంటుందట. ఇవన్నీ ఆవిడ చాలా మామూలుగా చెప్పింది.

సోమవారం రాత్రి వడగళ్లు, మంగళవారం మంచు, బుధవారం మంచు. నిన్న కాస్త ఎండ. లెక్క అందరికీ తెలిసిందే. ఆద్ది వెళ్లి కంచరగాడిదకి జీను కట్టడం మొదలుపెట్టాడు. కట్టు రెండుసార్లు జారింది. ఎందుకు కడుతున్నాడో, పైన ఏం దొరుకుతుందో అతనికీ తెలుసు. అయినా కట్టాడు.

"నేను కూడా వస్తాను" అంది ఇల్హామ్.

"దారి మంచిది కాదమ్మా."

"వాడికి మాత్రం మంచిదయిందా?"

ఆవిడ సంచి భుజానికి తగిలించుకుని రెండడుగులు వేసి ఆగింది. మావయ్య వైపు కాదు, నా వైపు తిరిగింది. పొద్దున్నుంచీ ఆవిడ నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేనూ ఆవిడకి వినిపించేలా ఎవరితోనూ మాట్లాడకుండా జాగ్రత్తపడ్డాను.

"మీ పేరేమిటి?"

"ఇదిర్" అన్నాను.

ఆ ఒక్క మాట చాలింది. ఆవిడ తలాడించింది. "మంగళవారం ఫోన్లో మాట్లాడింది మీరే. 'ఇప్పుడే నా కళ్లతో చూశానమ్మా, ఇంకా మూడు రాళ్లున్నాయి' అన్నారు. ఎంత నమ్మకంగా చెప్పారో. కారు జరిపింది కూడా మీరేనా?"

మావయ్య వేళ్లు నా భుజంలోకి దిగాయి. "తల్లీ, చెప్పాను కదా, నేనే..."

"నేనే" అన్నాను.

"మంగళవారం మీకు తెలుసా?"

"తెలీదు. ఒట్టు. రాళ్లు చూసే చెప్పాను."

"మరి ఎప్పుడు తెలిసింది?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. ఫోటో చూసినప్పుడు అని చెబితే సరిపోతుంది. మావయ్యకి అలాగే తెలిసింది, నాకూ అలాగే తెలిసిందని అందరూ నమ్ముతారు. ఒక తప్పు చేసినవాడిగా మిగిలిపోతాను, అంతే. ఆవిడ ఎదురుచూస్తోంది. ఆద్ది జీను పట్టీ పట్టుకుని ఆగాడు.

"నిన్న సాయంత్రం" అన్నాను. "మీరు టాక్సీ దిగి ఒక్క రాత్రి అన్నప్పుడు."

"సార్జెంటు వెళ్లకముందే."

"ముందే."

ఆవిడ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. చేతిలో ఫోన్ని సంచిలో పెట్టుకుంది, జిప్పు లాగింది. నిన్న ఎండ కాసిందని ఆవిడకీ తెలుసు. నిన్న సాయంత్రానికి వాడు ఎలా ఉన్నాడో, ఈ పొద్దుటికి ఎలా ఉన్నాడో ఎవరికీ తెలియదు. అది నేను ఇక ఎన్నటికీ తెలుసుకోలేని విషయం.

నా భుజం మీదనుంచి మావయ్య చెయ్యి తీసేశాడు.

తప్పు చేసిన అల్లుణ్ని కాయడానికి సిద్ధపడిన మనిషి. ఇది మాత్రం ఆయన కాయలేడు. ఇరవయ్యారేళ్లలో మావయ్య తెలిసి తెలిసి ఒక్క పూట కూడా ఎవరినీ పైన వదల్లేదు. ఆయన మెల్లగా గోడ దగ్గరికి నడిచి, రాళ్లు పోసుకునే పాత నూనె డబ్బాలో చెయ్యి పెట్టాడు. గుప్పెడు తీసుకుని నా మోటారు సైకిల్ దగ్గరికి వెళ్లాడు. అక్రోటు వేళ్ల మధ్య ఆనించిన ఆ బండి ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఆద్దీ, వీణ్ని కూడా తీసుకెళ్లు. కార్లు నేను చూసుకుంటా" అన్నాడు.

తరవాత నా వైపు తిరిగాడు. అల్లుడూ అని పిలవలేదు. పరాయి ఊరి డ్రైవరుని అడిగినట్టే అడిగాడు.

"ఎన్ని రాత్రులు?"

అరచేతిలో రాళ్లు చాచి జవాబు కోసం చూస్తున్నాడు. తలెత్తి పైకి చూశాను. మబ్బు దిగింది, కనుమ కనిపించడం లేదు.